ఒట్టు మీద నిలిచిన సైకిలు

మా అక్క ఒట్టు వేయించుకునే సమయానికి బావ కుడి భుజం దగ్గరి ఎముక రెండు ముక్కలై ఉంది, మణికట్టుకు పిండికట్టు ఉంది, నెత్తి మీద కుట్లు ఉన్నాయి. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి ఆయన బాగున్న చేతిని తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది. "ఇంకెప్పుడన్నా సైకిలెక్కితే నా మీద ఒట్టే" అంది. మందు మత్తులో ఉన్న మనిషి చేత ఒట్టు వేయించడం ధర్మం కాదని నేనేదో నసిగాను. బావ మాత్రం కళ్ళు తెరిచి తలూపాడు. అక్కడితో వ్యవహారం ముగిసింది.

అప్పటిదాకా బావకి శనివారమంటే సైకిలు రేసే. ఆయనది వరంగల్ పక్కన పల్లె, మాది బాపట్ల. సముద్రాలు దాటొచ్చి ఇక్కడ రోడ్లు వేసే కంపెనీలో ఇంజనీరు, కొత్తగా లేచిన పేట ద పాండ్స్‌లో ఇల్లు. పొట్టకి అతుక్కుపోయే ఆ బట్టలు వేసుకుని, నలభై దాటినవాళ్ళ గుంపులో ప్రతి శనివారం పొద్దున పందెం తొక్కేవాడు. గెలిచిన పాపాన పోలేదు. ఆఖరివాడు మాత్రం కాలేదని ప్రతిసారీ వచ్చి చెప్పేవాడు. నేను అదే నగరంలో టూంగాబీలో పాత ఇంట్లో ఉంటాను, స్టేషన్‌దాకా పోవడానికి ఒక డొక్కు సైకిలు ఉంది. దాన్ని చూసి ఆయన నవ్వేవాడు, ఆయన బట్టల్ని చూసి నేను నవ్వేవాణ్ణి.

పడింది మే నెలలో. ఈ దేశంలో కాలాలు మనకి తలకిందులు, మేలో చలి మొదలవుతుంది. మోటర్‌వే పక్కన సైకిలు దారి మీద ఒంటరిగా వెళ్తుంటే మాగ్‌పై తరిమిందన్నాడు. మాగ్‌పై అంటే మన కాకంత ఉండే నలుపూ తెలుపూ పిట్ట. సైకిలు వాళ్ళంటే దానికి గిట్టదు, వెనకనుంచి వచ్చి చెవుల దగ్గర పొడుస్తుంది. తప్పించుకోబోయి పడ్డానన్నాడు. ఆ తర్వాత రెండేళ్ళపాటు ఏ ఇంట్లో పుట్టినరోజుకి వెళ్ళినా, ఏ వ్రతానికి వెళ్ళినా అక్క ఈ పిట్ట కథ చెప్పేది, బావ దానికి రెక్కలు తొడిగేవాడు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, విన్నవాళ్ళందరూ అయ్యో అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

రెండేళ్ళలో బావ మెత్తబడిపోయాడు. పొట్ట పెరిగిందని కాదు, అది ఎప్పుడూ ఉన్నదే. మాటకి మాట అంటించేవాడల్లా ఊరుకోవడం మొదలుపెట్టాడు. నేను ఎంత వెటకారం చేసినా "అవు" అని ఊరుకుంటే ఇక బావమరిదిగా నేనెందుకు? వాళ్ళ పెళ్ళయిన కొత్తలో, నేను చదువుకోవడానికొచ్చి వాళ్ళింట్లో మకాం పెట్టిన రోజుల నుంచీ మా ఇద్దరి మధ్యా నడిచింది అదే. ఆ మనిషిని చూస్తుంటే నాకు దిగులుగా ఉండేది. దిగులు ఎక్కువైనప్పుడు నాకు కోపమొస్తుంది. అక్క మీద కోపమొచ్చేది.

చలికాలంలో మా వీధికి పాత సామాన్ల వంతు వచ్చింది. కౌన్సిల్, అంటే ఇక్కడి మునిసిపాలిటీ, వాళ్ళు చెప్పిన రోజుకి ఎవరికి అక్కరలేనివి వాళ్ళు ఇంటి ముందు గడ్డి మీద పెడతారు, లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. లారీకి ముందే మనబోటివాళ్ళం ఒక చుట్టు చుట్టి వస్తాం. ఆ శనివారం అక్క పంపిన గోంగూర పచ్చడి సీసా ఇవ్వడానికి బావ వచ్చాడు, ఇద్దరం నడుచుకుంటూ వెళ్ళాం. విరిగిన కుర్చీల కింద నీలం రంగు సైకిలు ఫ్రేము ఒకటి కనిపించింది. చక్రాల్లేవు, సీటు లేదు, అక్కడక్కడా తుప్పు. బావ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తాడు, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. సంతలో కుండ కొనేవాళ్ళు అలా వింటారు.

"బామ్మర్ది, గిది ఊకె పడేసిండ్రా?" అన్నాడు. రెండేళ్ళ తర్వాత ఆ గొంతులో ప్రాణం విన్నాను.

ఇంటికి తెచ్చి గరాజులో పెట్టాం. అప్పుడు ఆయనే ఒప్పందం చెప్పాడు. సైకిలు నాది. కట్టేది నేను. ఆయన వట్టి చేతిసాయం. సైకిలెక్కనని ఒట్టు వేశాడు గానీ సైకిలు ముట్టుకోనని వెయ్యలేదు కదా. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదేనని నేనన్నాను. ఆయన విననట్టు నటించి, ఫ్రేము పొడవు కొలవడం మొదలుపెట్టాడు. నాకన్నా ఆయన జానెడు పొడుగు. ఆ ఫ్రేము నాకు సరిపోదని ఇద్దరికీ తెలుసు.

అలా శనివారాలు మా గరాజులో గడవసాగాయి. ఫ్రేము పాతది, హ్యాండిలు బారు ఎవరో పెద్దాయన ఇంటి ముందు అమ్మితే తెచ్చింది, చక్రాలూ చైనూ కొత్తవి. వెనక చక్రం కొత్తది కావడంతో ఫ్రేములో పట్టలేదు, నాలుగు మిల్లీమీటర్లు తక్కువైంది. బావ ఒక కాలు గోడకి తన్నిపెట్టి, ఫ్రేము వెనక చక్రాన్ని పట్టుకునే రెండు కొమ్మల్నీ చేతుల్తో కొంచెం కొంచెం లాగి వెడల్పు చేశాడు. పాత ఉక్కు కాబట్టి వంగిందని, ఆయన పాత కార్బన్ సైకిలైతే పుటుక్కుమనేదని మురిసిపోయాడు. ఒకరోజు చెప్పుల డబ్బా ఒకటి చంకలో పెట్టుకొచ్చాడు. అక్క పారెయ్యమన్న విరిగిన సైకిల్లోంచి పీకి దాచుకున్న సామాను. బ్రేకులు, గేర్లు మార్చే పిడులు, పెడళ్ళు. కుడి పిడి మీద రోడ్డు గీరుకున్న గీత లోతుగా ఉంది. కొత్తవి కొందామన్నాను. అదే పెట్టాలన్నాడు.

మొత్తం మీద అది అతుకుల బొంత. ఒక పక్క ముప్ఫయ్యేళ్ళనాటి ఇనుము, ఇంకో పక్క నిన్న పెట్టెలోంచి తీసిన తళతళలు. మా ఆవిడ చూసి, ఇది సైకిలా సంబంధం కుదరని పెళ్ళా అంది. అయినా ప్రతి శనివారం మాకు ఉల్లిపాయ పకోడీలు గరాజులోకే పంపేది. బావ నవ్వుతున్నాడని ఆమె కూడా గమనించింది.

మధ్యలో మా పరువు తీసిన సంగతి ఒకటి చెప్పాలి. పెడళ్ళు తిరిగే ఇరుసుకి ఇటొక కప్పు, అటొక కప్పు ఉంటాయి. వాటిలో గోళీలు తిరుగుతాయి. పాత గోళీలు మార్చాలంటే కప్పులు ఊడదియ్యాలి. నేను చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ మా వీధి చివర సైకిలు షాపులో కూర్చుని గడిపినవాణ్ణి. బావ హైస్కూలుకి రోజూ ఆరు మైళ్ళు తొక్కి, దారిలో చెడితే తనే బాగు చేసుకున్నవాడు. మన సైకిళ్ళలో చైను వైపు కప్పుకి మర తిరగేసి ఉంటుందని, అన్ని నట్లకీ భిన్నంగా అది కుడికి తిప్పితే ఊడుతుందని మా ఇద్దరికీ నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఇక్కడివాళ్ళకి తెలియని రహస్యం మనకి తెలుసన్నంత ధీమాగా కుడికి తిప్పాం. రాలేదు. నూనె పోశాం, వేడినీళ్ళు పోశాం. పానాకి ఇనుప గొట్టం తగిలించి ఇద్దరం కలిసి వేలాడాం. అలా మూడు శనివారాలు. మూడోవారం పానా జారి నా వేలి కణుపులు చెక్కుకుపోయాయి.

చివరికి సిగ్గు విడిచి, ఫ్రేము కారులో వేసుకుని ఒక సైకిలు షాపుకి తీసుకెళ్ళాం. ఆ షాపు పెద్దాయన కప్పు మీది మట్టి బొటనవేలితో తుడిచి, మీద ఉన్న అంకెలు చూసి, ఇది ఇటలీ ఫ్రేమని చెప్పాడు. ఇటలీవాళ్ళ మర రెండు వైపులా మామూలుగానే ఉంటుందట. అంటే మూడు వారాలుగా మేం దాన్ని ఊడదియ్యడం లేదు, పళ్ళు బిగించి మరీ బిగిస్తున్నాం. దాన్ని ఎడమవైపు తిప్పడానికి ఆయన మా గొట్టంకన్నా పొడుగైనది తేవాల్సివచ్చింది. బయటికొచ్చాక బావ కారులో కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నాకు మొదట ఒళ్ళు మండింది, తర్వాత నేనూ నవ్వాను.

నా చేతి కట్టు చూసి అక్కకి సైకిలు సంగతి తెలిసింది. నాకోసమే కడుతున్నానని చెప్పాను. "ముసలితనంలో నీకెందుకురా రేసు సైకిలు" అంది, అంతకుమించి ఏమీ అడగలేదు. బావ ఆ మాటలు జరుగుతున్నంతసేపూ కిటికీలోంచి చెట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు.

సీటు ఎత్తు పెట్టే రోజు వచ్చింది. మనిషి కూర్చుంటేగాని ఎత్తు కుదరదు. స్టాండు మీద బిగించి ఉన్న సైకిలే కదా, చక్రం నేలకి తగలదు కదా, ఒక్కసారి కూర్చోమన్నాను. కూర్చోనన్నాడు. కూర్చుంటే ఎక్కినట్టే అన్నాడు. ఒట్లూ అవీ నమ్ముతావా ఇంజనీరువై ఉండి, అని కసిరాను. నాకు నిజంగానే విసుగొచ్చింది. మూడు నెలలు చాకిరీ చేసి, ముట్టుకుని మురిసిపోయి, ఎక్కని సైకిలు ఎవరికోసం?

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అన్నాడు, "నమ్మకం సంగతి కాదు బామ్మర్ది. ఆమె తల మీద చెయ్యి బెట్టి ఒప్పుకున్న. ఆమె అంతట ఆమె తియ్యాలె. లేకుంటే గీ సైకిల్ గిట్లనే ఉంటది."

అప్పుడు అర్థమైంది నాకు. ఎక్కాలని ఆయన ప్రాణం కొట్టుకుపోతోంది. అడగడానికి మాత్రం నోరు రావడం లేదు. అక్క తనంతట తను ఒట్టు తియ్యకపోతే ఈ మనిషి మళ్ళీ ఆ మెత్తదనంలోకే జారిపోతాడు. నాకు భయమేసింది. ఇంకేం చెయ్యలేక ఆయన్ని చెప్పులు విప్పించి గోడకి నిలబెట్టి, కాళ్ళ మధ్య అట్టపుస్తకం పెట్టి, పెన్సిలుతో గీత గీసి కాలు పొడవు కొలిచాను. ఆ లెక్కన సీటు బిగించాను.

సెప్టెంబరు చివర్లో ఒక శనివారం బావకి ఆఫీసు పని పడింది, రాలేదు. సైకిలు దాదాపు అయిపోయింది. హ్యాండిలుకి టేపు చుట్టడమొకటే మిగిలింది. బ్రేకులు పడుతున్నాయో లేదో చూడాలని నేనే వీధిలోకి తీసుకెళ్ళాను. సీటు దించితే బావ కొలత పోతుందని అలాగే ఎక్కాను. పెడలు కిందికి పోయినప్పుడల్లా ఒక పక్కకి ఒరుగుతూ తొక్కుతుంటే, మా వీధి మూల యూకలిప్టస్ మీది మాగ్‌పై వచ్చి నా చెవిని ఒక పోటు పొడిచింది. రక్తం కారుతూ ఇంటికొచ్చేసరికి గరాజు ముందు అక్క నిలబడి ఉంది.

చెవి సంగతి అడగలేదు ముందు. నన్నూ, సీటునీ ఒకసారి పైనుంచి కిందికి చూసింది. ద పాండ్స్‌లో సగం మంది తెలుగు ఆడవాళ్ళ జాకెట్లు మా అక్క చేతి మీదుగానే వెళ్తాయి. మనిషిని చూస్తే చాలు, టేపు పెట్టకుండా కొలత చెబుతుంది.

"ఇది నీ కాళ్ళకి కట్టింది కాదు" అంది.

ఆమె లోపలికి వెళ్ళి దూదీ డెట్టాలూ తెచ్చి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి చెవి తుడవడం మొదలుపెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టకపోయేసరికి ఖాళీగా ఉండలేక నేనే ఏదో వాగాను. ఈ రెండు మూడు నెలలే ఈ పిట్టలతో బాధ, గూట్లో పిల్లలున్నన్నాళ్ళే పొడుస్తాయి, తర్వాత మనం పక్కనుంచి పోయినా పట్టించుకోవు అన్నాను. అక్క చెయ్యి ఆగిపోయింది.

"మరి మే నెలలో?" అంది.

మే నెలలో గూళ్ళే ఉండవు, పొడవడమెందుకు అని చెప్పేశాను. నోట్లోంచి ఆ మాట పోయాక నాకూ తట్టింది. ఏళ్ళ తరబడి ఈ దేశంలో ఉండి, ఏటా సెప్టెంబరులో ఆ పిట్టతో పొడిపించుకుంటూ కూడా, బావ పడింది మే నెల అని ఒక్కసారీ ఆలోచించలేదు.

అక్క బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. తర్వాత సైకిలు కుడి పిడి మీది గీతని చూస్తూ చెప్పింది.

"పిట్ట కాదురా. నేను. ఆ రోజు ఫోన్ చేసింది నేను, వచ్చేటప్పుడు కొత్తిమీర తెమ్మని. ఆయన జేబులోంచి తీసి 'చెప్పు' అన్నారు. ఆ వెంటనే చప్పుడైంది. నేనక్కడ వంటింట్లో నిలబడి మొత్తం విన్నాను."

తలకి దెబ్బ తగలడంతో ఆయనకి ఏమీ గుర్తులేదనే ఇన్నాళ్ళూ అనుకుందట. పిట్ట అని ఎవరో చెప్పి ఉంటారు, అదే నమ్మారనుకుందట. నిజం చెప్పే ధైర్యం లేక, ఆయన చెప్పిన పిట్టనే తనూ పట్టుకుంది. ఊరందరికీ చెప్పుకుంటూ తిరిగింది. ఒట్టు వేయించుకుంది కూడా ఆయన సైకిలు మీద భయంతో కాదు. ఆయన మళ్ళీ ఎక్కితే ఆ చప్పుడు మళ్ళీ వినాల్సొస్తుందని.

"గుర్తుంది ఆయనకి" అంది చివరికి. "మేలో పొడవని పిట్ట ఇంకెక్కణ్ణుంచి వస్తుంది? నా పేరు రాకూడదని పిట్ట మీద పెట్టారు."

రెండేళ్ళుగా వీళ్ళిద్దరూ ఒకే అబద్ధాన్ని చెరో చివర పట్టుకుని మోస్తున్నారు, ఒకరికోసం ఒకరు, ఒకరికి తెలియకుండా ఒకరు. నేను అక్క మీద కోపగించుకుంటూ తిరిగాను. ఆ సంగతి ఆమెకి చెప్పి క్షమించమన్నాను. "నీ కోపానికేం లేరా, టేపు ఎక్కడుంది?" అంది.

హ్యాండిలుకి చుట్టే టేపు తెల్ల నూలుది. నేను అప్పటికి రెండుసార్లు చుట్టి, ముడతలొచ్చి విప్పేశాను. అక్క దాన్ని కింది చివర నుంచి మొదలుపెట్టి, చీర అంచుకి ఫాల్ కుట్టేటప్పుడు లాగినట్టు ఒకే బిగువున లాగుతూ, చుట్టు మీద చుట్టు సగం పడేలా పైకి తీసుకెళ్ళింది. గీత పడ్డ పిడి దగ్గరికొచ్చేసరికి ఒక క్షణం ఆగి, దాన్ని చేత్తో తడిమి, చుట్టూ తిప్పి దాటించింది. చివర అంటించకుండా సూదీ దారం తెప్పించుకుని కుట్టింది. ఎక్కడ కుట్టిందో నాకిప్పటికీ కనిపించదు.

ఆ తర్వాతి శనివారం ఇద్దరూ కలిసి వచ్చారు. సైకిలు ఇంటి ముందు గోడకి ఆనించి ఉంది. కారు దిగగానే బావ హ్యాండిలు వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. ఆ చుట్టు నా చేతులవల్ల కాదని ఆయనకి తెలుసు. అక్క కారు వెనకనుంచి ఆయన పాత హెల్మెట్టూ బూట్లూ తీసింది.

"ఎక్కండి" అంది. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను."

బావ బూట్లు వేసుకున్నాడు. హెల్మెట్ పెట్టుకుని, సైకిలు గోడ నుంచి తీసి, కాలెత్తబోతుంటే అక్క ఆగమంది. హెల్మెట్ తియ్యమంది. ఎందుకన్నాడు. దాని మీద పెడితే ఒట్టు అంటదంది. ఆయన తీశాడు. అక్క ఆయన నెత్తిన, కుట్లు పడిన చోట, చెయ్యి పెట్టింది.

"మీరు సైకిలు మీదున్నంతసేపు నేను ఫోన్ చెయ్యను. మీ మీద ఒట్టు."

బావ సైకిలుని మళ్ళీ గోడకి ఆనించాడు.

"ఎప్పటిసంది ఎరుక నీకు?" అన్నాడు.

"ఆ రోజే. మీరు పడడం విన్నానండీ" అంది అక్క.

బావ మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. టీ పెడతానని చెప్పి నేను లోపలికి వచ్చేశాను. పాలు పొంగబోతే తగ్గించి, మళ్ళీ మరిగించి, మళ్ళీ తగ్గించాను. బయట వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఒకసారి బావ నవ్వడం వినిపించింది. ఆ తర్వాత అక్క ఏడవడం వినిపించింది, లేదా అటూ ఇటూ అయి ఉండొచ్చు.

నేను మూడు కప్పులతో బయటికొచ్చేసరికి గోడ దగ్గర సైకిలు లేదు. అక్క ఒక్కతే మెట్టు మీద కూర్చుని వీధి చివరకి చూస్తోంది. నన్ను చూసి ఒళ్ళోంచి ఫోను తీసి నా చేతికిచ్చింది.

"ఆయన వచ్చేదాకా నీ దగ్గరుంచురా" అంది. "అడిగినా ఇవ్వకు."